వైద్యజన్యుశాస్త్రంలో ఎం.ఎస్. : దరఖాస్తుకు ముందు

మూడేళ్ళ క్రితం మా అమ్మాయి బి.ఎస్. చివరి సంవత్సరంలో ఉండగా, తాను వైద్య కళాశాలకు వెళ్ళననీ, జన్యు సలహాదారు కావడానికి అవసరమైన ఎం.ఎస్. చదువుతాననీ ప్రకటించింది. నేను రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసి, పరిశోధనే వృత్తిగా బ్రతుకుతున్నవాడిని. కనుక దరఖాస్తు సంగతి నాకు తెలుసునన్న ధీమాతో నేనే సలహాలివ్వడానికి సిద్ధపడ్డాను. ఆ సంవత్సరం ఆమెకు ఎక్కడా ప్రవేశం లభించలేదు. ఆ వైఫల్యంలో నా సలహాల పాలు ఎంత ఉన్నదో తరువాత తెలిసివచ్చింది. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

ముందుగా పేర్ల గందరగోళాన్ని తొలగించుకోవాలి. అమెరికాలో వైద్యజన్యుశాస్త్రానికి సంబంధించిన ఎం.ఎస్. చదువులు ముఖ్యంగా రెండు త్రోవలలో ఉన్నాయి. మొదటిది ప్రయోగశాల త్రోవ. క్రోమోసోములను పరీక్షించడం, డి.ఎన్.ఎ. క్రమాన్ని చదివి అందులోని మార్పు రోగకారకమా కాదా అని నిర్ణయించడంలో తోడ్పడడం ఇందులోని పని. ఉస్మానియాలో జన్యుశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసి వచ్చిన మన పిల్లలకు ఇది పరిచితమైన లోకమే. అయితే అటువంటి ప్రయోగశాలకు అధిపతి కావాలంటే ఎం.ఎస్. చాలదు, డాక్టరేటు, ఆపైన ప్రత్యేక శిక్షణ, బోర్డు పరీక్ష అవసరమవుతాయి. రెండవది సలహాదారు త్రోవ. ఇక్కడ పని రోగితో, రోగి కుటుంబంతో. రెండు డిగ్రీల పేర్లూ ఒక్కలాగే వినిపించినా ఒకదానితో మరొక పని చేయడానికి వీలులేదు. సలహాదారుల బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే, ఆ వృత్తికి ప్రత్యేకించి ఏర్పడిన గుర్తింపు మండలి ఆమోదించిన చదువే చదివి ఉండాలి. డబ్బు కట్టకముందే ఈ ఒక్క విషయం రూఢి చేసుకోవడం మంచిది. మనం డాక్టరేటు చేసిన రోజుల్లో విశ్వవిద్యాలయమే భృతి ఇచ్చేది. ఈ ఎం.ఎస్.కు సాధారణంగా జీతం మనమే కట్టుకోవాలి.

జన్యు సలహా అన్న మాటను 1947లో షెల్డన్ రీడ్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టారు. ఈ వృత్తికి మొట్టమొదటి ఎం.ఎస్. చదువు 1969లో న్యూయార్కు రాష్ట్రంలోని సారా లారెన్స్ కళాశాలలో మొదలైంది. ప్రవేశానికి జీవశాస్త్రం, జన్యుశాస్త్రం, రసాయన, జీవరసాయన శాస్త్రాలు, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం ఇంచుమించు అన్నిచోట్లా అడుగుతారు. జి.ఆర్.ఇ.ని చాలా చోట్ల ఎత్తివేశారు. ఏ కళాశాల నియమం ఆ కళాశాలదే కనుక విడివిడిగా చూసుకోవాలి. ఈ జాబితాలో మన ఇళ్ళలో చిన్నచూపుకు గురయ్యేది మనస్తత్వశాస్త్రం. నేనూ ఆ తప్పే చేశాను. ఆ ఒక్క కోర్సు పూర్తయితే చాలునని చెప్పి, వేసవి అంతా ప్రయోగశాలలో గడిపించాను. ఆమె దరఖాస్తు చూస్తే పి.సి.ఆర్. యంత్రం తప్ప మనుషులెవరూ కనిపించరు!

ఇది ఎందుకు లోపమో అర్థం కావాలంటే ఆ వృత్తిలో జరిగే పనిని ఒక లెక్కతో చూడాలి. పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకొని నాతోపాటు వేస్తే బాగుంటుంది.

వెన్నుపాము కండరక్షీణత అనే వ్యాధి ఉన్నది. నాడీకణాలకు అవసరమైన ఒక ప్రోటీను తగినంత తయారుకాక కండరాలు క్రమంగా కృశిస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యుప్రతులూ లోపించినప్పుడే వ్యాధి వస్తుంది. ఒకే ప్రతి లోపించినవారు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. వారిని వాహకులు అంటారు. మొత్తం జనాభాలో సుమారు 50 మందిలో ఒకరు ఈ వ్యాధికి వాహకులు. ఒక ఇంట్లో కొడుకు ఈ వ్యాధితో మరణించాడనుకుందాం. అతని అక్క ఆరోగ్యవంతురాలు. ఆమె వాహకురాలయ్యే సంభావ్యత ఎంత? సగం అంటారు చాలామంది. కాదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే సంతానానికి నాలుగు అవకాశాలు: ఒకటి వ్యాధి, రెండు వాహకత్వం, ఒకటి ఏ లోపమూ లేకపోవడం. ఆమెకు వ్యాధి లేదని మనకు తెలుసు కనుక మొదటిదాన్ని కొట్టివేయాలి. మిగిలిన మూడింటిలో రెండు వాహకత్వమే. జవాబు 2/3.

ఇప్పుడు ఆమెకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. బయటి సంబంధమైతే వరుడు వాహకుడయ్యే అవకాశం 1/50. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు వ్యాధి రావడానికి అవకాశం 1/4. మూడూ గుణిస్తే 1/300. మేనరికమైతే? తల్లి తప్పనిసరిగా వాహకురాలు. ఆమె తోబుట్టువైన మేనమామ వాహకుడయ్యే అవకాశం 1/2, ఆయన కొడుకైన బావకు అందులో సగం, అంటే 1/4. గుణిస్తే 1/24. మేనమామనే చేసుకుంటే 1/12. ఈ లెక్క వేయడానికి ఎం.ఎస్. అక్కరలేదు, పదవ తరగతి గణితం చాలు.

లెక్క పూర్తయిన తరువాతే సలహాదారు పని ప్రారంభమవుతుంది. ఇరవై నాలుగింట ఒకటి అన్నప్పుడు ఎదుటనున్న తండ్రి తప్పిపోయే ఇరవై మూడింటినీ చూస్తాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ ఒక్కటే కనిపిస్తుంది. చేసుకోవాలా వద్దా అన్నది సలహాదారు చెప్పరు. సమాచారం స్పష్టంగా ఇచ్చి, రక్తపరీక్షతో ఏమి తేలుతుందో, ఏమి తేలదో వివరించి, నిర్ణయాన్ని వారికే వదలడం ఈ వృత్తిలోని మూలసూత్రం. పిల్లలకు తలనొప్పి వచ్చినా సలహా ఇచ్చే మనలాంటివారికి ఇది ఎంత కష్టమో వేరే చెప్పాలా?

అందువల్లనే ప్రవేశ సంఘాలు అభ్యర్థి కష్టంలో ఉన్న మనుషులతో కూర్చొనగలడా అన్నది గట్టిగా చూస్తాయి. ఆత్మహత్య నివారణ టెలిఫోను కేంద్రాలలో, అంగవైకల్యం గల పిల్లల శిబిరాలలో, గృహహింస బాధితుల ఆశ్రయాలలో సేవ చేసినవారికి విలువ ఎక్కువ. పనిచేస్తున్న జన్యు సలహాదారులను కలిసి మాట్లాడడం, వీలైతే వారి వెంట ఉండి చూడడం కూడా అవసరం. మా అమ్మాయి రెండవ సంవత్సరం వారానికి రెండు రాత్రులు అటువంటి టెలిఫోను కేంద్రంలో కూర్చున్నది. ఇంటికి వచ్చి ఏమీ చెప్పేది కాదు, చెప్పకూడదు కూడా. కాని నేను మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డురావడం మానేసింది. ఆ మార్పు ఏ కళాశాలా ఇవ్వలేదు.

ఇక సీట్ల పంపిణీ. 2018 ప్రవేశాల నుంచి ఇది జోడింపు పద్ధతిలో జరుగుతున్నది. ఇంటర్వ్యూలు ముగిశాక అభ్యర్థి తనకు నచ్చిన కళాశాలలను వరుసగా వ్రాసి ఇస్తాడు. కళాశాలలు కూడా అభ్యర్థులను అలాగే వరుస పెడతాయి. కంప్యూటరు రెండు జాబితాలనూ జోడిస్తుంది. స్వయంవరం వంటిదే, కాకపోతే వరమాల ఇరువురి చేతుల్లోనూ ఉంటుంది. దీని వెనుకనున్న గణితాన్ని 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు ప్రకటించారు. ముందుగా మీ మొదటి ఎంపికను ప్రయత్నిస్తారు. అక్కడ ఖాళీ ఉంటే తాత్కాలికంగా ఉంచుతారు. ఆ కళాశాల మరింత ఇష్టపడే అభ్యర్థి తరువాత వస్తే మిమ్మల్ని తప్పించి మీ రెండవ ఎంపికకు పంపుతారు. అక్కడ మీకంటె వెనుక ఉన్నవారు ముందే కూర్చొని ఉన్నా వారు లేవవలసిందే. కనుక పెద్ద కళాశాలను మొదట వ్రాసినందువల్ల రెండవదానిలో మీ అవకాశం ఏమాత్రం తగ్గదు. సులువుగా దొరికేదాన్ని పైన వ్రాయమని చెప్పే పెద్దలు (వారిలో నేనూ ఒకణ్ణి) ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల భయంతో మాట్లాడుతున్నారు. నిజంగా ఏది ఇష్టమో ఆ వరుసలోనే వ్రాయాలి. జోడింపు జరిగాక మాత్రం దానికి కట్టుబడవలసిందే. ఇష్టంలేని కళాశాలను అసలు జాబితాలో పెట్టకూడదు.

చివరగా స్వీయ వ్యాసం. ఈ చదువు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉండాలి. మా ఇంట్లో పెద్ద గొడవ ఇక్కడే వచ్చింది. పైన చెప్పిన లెక్కలోని ఇల్లు ఊహించి వ్రాసినది కాదు. మా పెదనాన్నగారి కూతురి కొడుకు ఆ వ్యాధితోనే, రెండేళ్ళు నిండకముందే పోయాడు. మా అమ్మాయికి ఈ శాస్త్రం మీద ఆసక్తి కలిగింది ఆ బిడ్డవల్లనే. వ్యాసంలో ఆ సంగతి వ్రాస్తానన్నది. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆ పిల్లకు పెళ్ళి కావాలి. ఇంటి గుట్టు పరాయి దేశంలో కాగితాల మీద పెట్టకండి" అన్నది. నేను అమ్మను చాదస్తమని కసురుకున్నాను. మా అమ్మాయి మాత్రం, నానమ్మ చెప్పినదాంట్లో న్యాయం ఉన్నదన్నది. ఆ సమాచారం తనది కాదనీ, అక్కది, ఆమె తల్లిదండ్రులదనీ, వారిని అడగకుండా వ్రాయననీ చెప్పి, ఫోను చేసి అడిగింది. వారు వద్దన్నారు. మరో విషయం మీద వ్రాసింది. ఈ అడగడం గూర్చి ఇంటర్వ్యూలో, ఎవరి పేరూ, ఏ వివరమూ బయటపెట్టకుండా చెప్పిందట. రెండవసారి ప్రవేశం లభించింది.

ఆ ఫోను వల్ల ఇంకొకటి జరిగింది. ఆ అమ్మాయికి మేనబావతో సంబంధం అనుకుంటున్నారని అప్పుడే తెలిసింది. ఈ సంచికకు వ్యాసం వ్రాస్తానన్నప్పుడు ఆ ఇంటివారి అనుమతి నేనూ తీసుకున్నాను. మరొకరికి పనికివస్తుందంటే వ్రాయమన్నారు. చేయమంటావా వద్దంటావా అని వారు మా అమ్మాయిని అడిగారు. తాను ఇంకా విద్యార్థినిననీ, చెప్పే అర్హత తనకు లేదనీ, హైదరాబాదులో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో జన్యువైద్య విభాగం ఉన్నదనీ, ఇద్దరూ వెళ్ళి సలహా తీసుకొని రక్తపరీక్ష చేయించుకొమ్మనీ చెప్పింది. ఇద్దరిలో ఒకరు వాహకులు కాకపోతే చాలు, 1/24 అన్న అంకె ఇంచుమించు సున్నాకు దిగిపోతుంది. ఇద్దరూ అయితే అది 1/4కు పెరుగుతుంది.

గత నెలలో వెళ్ళి వచ్చారట. ఫలితం ఏమిటని మా అమ్మ రెండుసార్లు అడగమన్నది. నేను అడగలేదు.