మూర్ఛ పుట్టే చోటు వెతకాలంటే ముందు తల నమూనా కట్టాలి

పాలకుర్తిలో ఓ పిల్లవాడికి ఫిట్స్ వస్తున్నాయంటే ఇంట్లోవాళ్లు జనగామ, హనుమకొండ, చివరికి హైదరాబాద్ నిమ్స్ దాకా తిరుగుతారు. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి మందులతో అది అదుపులోకి రాదు. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు తేలాల్సింది ఒకటే: ఫిట్ మెదడులో ఎక్కడ మొదలవుతోంది? ఈఈజీ చూపించేది తలపైకి చేరిన వోల్టేజీని మాత్రమే. దాని నుంచి లోపలి చోటికి లెక్క కట్టాలంటే, ఆ పిల్లవాడి తలలో కరెంటు ఎలా పారుతుందో ముందు నమూనా కట్టుకోవాలి.

స్కాన్‌తో మొదలుపెడదాం. మిల్లీమీటరు మందం ముక్కలతో టీ1 ఎమ్మారై కావాలి. ముక్కు, చెవులు అందులో పూర్తిగా పడాలి. ఎమ్మారైలో గట్టి ఎముక గాలిలాగే నల్లగా కనిపిస్తుంది కాబట్టి పాత సీటీ ఉంటే పారేయొద్దు, ఎముక అంచు అందులోనే స్పష్టంగా తెలుస్తుంది. మన దగ్గర బద్దెపురుగు తిత్తి ఉందేమోనని చాలామందికి సీటీ ఎలాగూ తీస్తారు. అందులో సున్నపు మచ్చ కనబడినంత మాత్రాన ఫిట్ అక్కడే పుడుతోందని తీర్మానించకూడదు.

తర్వాత స్కాన్‌ను చర్మం, ఎముక, మెదడు చుట్టూ ఉండే నీరు, బూడిద పదార్థం, తెల్ల పదార్థం అని ఐదుగా విడగొట్టాలి. సిమ్‌నిబ్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఈ పని చేసిపెడుతుంది. అయినా ఒక్కో ముక్కా కంటితో చూడాల్సిందే. కణతల దగ్గర ఎముక పల్చన. సాఫ్ట్‌వేర్ అక్కడ లేని చిల్లు పెట్టిందంటే, కాకతీయుల నాటి చెరువు కట్టకు కొత్తగా తూము తవ్వినట్టే: కరెంటు అటే ఎగబడుతుంది. పాత ఆపరేషన్ వల్ల నిజంగానే రంధ్రం ఉంటే మాత్రం దాన్ని పూడ్చకుండా ఉంచాలి.

ఇక ఒక్కో పదార్థంలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే వాహకత అంకెలు. ఈ పనిలో నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. బూడిద పదార్థానికి, చర్మానికి మీటరుకు సుమారు 0.33 సీమెన్స్ వేస్తారు, తెల్ల పదార్థానికి 0.14. మెదడు నీటిని శరీర ఉష్ణోగ్రత దగ్గర కొలిచి 1997లో బౌమన్ బృందం చెప్పిన విలువ 1.79. అంటే బూడిద పదార్థం కన్నా ఐదు రెట్లు పైమాటే. ఈ పొరను వదిలేస్తే నమూనా అబద్ధం చెబుతుంది. పేచీ అంతా పుర్రె దగ్గర. 1968లో రష్, డ్రిస్కాల్ వాడిన లెక్కలో దాని వాహకత మెదడు కన్నా 80 రెట్లు తక్కువ. 2000లో ఊస్టెండోర్ప్ బృందం ఆపరేషన్‌లో తీసిన పుర్రె ముక్క మీదా, బతికున్న మనుషుల మీదా కొలిచి 15 రెట్లేనంది. పుర్రెకు ఉన్నదానికన్నా తక్కువ వాహకత వేస్తే లెక్కలో తేలే ఫిట్ మూలం పైపైకి, ఎక్కువ వేస్తే లోలోపలికి జరుగుతుంది. చిన్నపిల్లల ఎముక పెద్దవాళ్ల ఎముక కన్నా పల్చన, వాహకతా ఎక్కువ. 80 అనే అంకెను పిల్లల మీద వాడటం తప్పని నా గట్టి నమ్మకం.

ఆపైన తల మొత్తాన్ని లక్షల చిన్న చిన్న ఘనాలుగానో చతుర్ముఖులుగానో కోస్తారు. ఎలక్ట్రోడ్లను నమూనా మీద వాటి అసలు చోట్లలో పెట్టాలి. ముక్కు మొదలు, రెండు చెవుల ముందు గుర్తులు చూసుకుని, మిగతావి త్రీడీ డిజిటైజర్‌తో తీసుకుంటే మేలు. మామూలు ఈఈజీ 21 ఎలక్ట్రోడ్లతో సరిపెడుతుంది. 2017లో అంతర్జాతీయ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సమాఖ్య కణతల కింది భాగాన్ని కూడా కలిపి 25 సిఫారసు చేసింది. మూలం వెతకడానికి 64, 128 ఉంటే ఇంకా మంచిది.

అప్పుడు బూడిద పదార్థంలో ఒక్కో చోట చిన్న కరెంటు మూలాన్ని ఉంచి, ఒక్కో ఎలక్ట్రోడ్ దగ్గర ఎంత వోల్టేజీ వస్తుందో లెక్కిస్తారు. ఆ పట్టికే లీడ్ ఫీల్డ్. అసలు ఈఈజీ వచ్చాక ఈ పట్టిక నుంచే వెనక్కి వెతుకుతారు.

రోగి రికార్డు పెట్టే ముందు పరీక్ష తప్పనిసరి. తెలిసిన చోట దొంగ మూలం పెట్టి, నాయిస్ కలిపి, నమూనా దాన్ని ఎంత దూరంలో పట్టుకుందో చూడాలి. తర్వాత అసలు రికార్డుతో పుర్రె వాహకతను 0.004, 0.01, 0.02గా మార్చి మూడుసార్లు నడపాలి. మూలం మిల్లీమీటరో రెండో జరిగితే సరే. సెంటీమీటరు జరిగితే సర్జన్‌కు వెళ్లే రిపోర్టులో ఒక్క చుక్క పెట్టకూడదు. అది జరిగిన మేరంతా గీసి ఇవ్వాలి.