దూరం – కాలం

దూరాన్ని కాలంతో చెప్పడం మన పల్లెలలో పరిపాటి. కర్ణాటక సరిహద్దున ఉన్న రామసముద్రంలో “మదనపల్లె ఎంత దూరం?” అని అడిగితే, “బస్సులో గంట” అనే సమాధానమే వస్తుంది. ఆ లెక్క కొంత తప్పినా నష్టం స్వల్పం. విమాన ప్రయాణంలో మాత్రం దూరాన్నీ, కాలాన్నీ వేరువేరుగా గణించక తప్పదు.

తిరుపతి విమానాశ్రయం రేణిగుంటలోను, హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులోను ఉన్నాయి. రేణిగుంట విమానాశ్రయపు అక్షాంశం 13 డిగ్రీల 38 నిమిషాలు. శంషాబాదుది 17 డిగ్రీల 14 నిమిషాలు. భేదం 3 డిగ్రీల 36 నిమిషాలు, అనగా 216 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషానికి భూమిపై ఉండే దూరాన్ని నాటికల్ మైలు అంటారు. అది 1.852 కిలోమీటర్లకు సమానం. కనుక శంషాబాదు 216 నాటికల్ మైళ్ళు ఉత్తరాన ఉన్నది. కొంత పడమరగా కూడా ఉండటం వలన సూటి దూరం సుమారు 225 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 417 కిలోమీటర్లు. రోడ్డు మార్గమైతే 550 కిలోమీటర్ల పైమాటే.

చిన్న విమానాశ్రయాల మధ్య తిరిగే ఏ.టి.ఆర్. విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన 50 నిమిషాలు చాలు. కాని కాలపట్టికలో గంటంపావుకు అటూ ఇటూగా ఉంటుంది. విమానం నిలిచిన చోటు నుండి కదిలి రన్‌వేను చేరడం, నెమ్మదిగా పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించి వరుసలో తన వంతుకై వేచి ఉండటం, ఇవన్నీ అందులో చేరతాయి. ఎదురుగాలి వీస్తే మరికొంత ఆలస్యం.

రామసముద్రం విద్యార్థిని ఒకతె హైదరాబాదులో ఉదయం 10 గంటలకు ప్రవేశపరీక్ష వ్రాయవలసి ఉన్నదనుకుందాం. రేణిగుంటలో 7 గంటలకు బయలుదేరే విమానం 8.15కు చేరుతుందని తెలిసి ఆమె నిశ్చింతగా ఉండవచ్చునా? విమానాశ్రయానికి రెండు గంటల ముందు, అంటే 5 గంటలకే చేరాలి. రామసముద్రం నుండి రేణిగుంటకు మూడు గంటలకు తక్కువ పట్టదు. కనుక అర్ధరాత్రి దాటగానే ఇల్లు విడవాలి. శంషాబాదులో దిగి వెలుపలికి వచ్చేసరికి 8.45; నగరంలోని కేంద్రం చేరేసరికి 9.45. పరీక్షకు అరగంట ముందే ద్వారం మూసివేస్తే, ఒక సంవత్సరపు శ్రమ గుమ్మం వెలుపలే నిలిచిపోతుంది. ముందునాటి రాత్రి బస్సెక్కిన సహాధ్యాయి మాత్రం తెల్లవారేసరికి నగరంలో ఉంటుంది.

మరొక విశేషం గమనించండి. 2008లో దేవనహళ్ళి వద్ద ప్రారంభమైన బెంగుళూరు విమానాశ్రయం రామసముద్రానికి రేణిగుంట కంటె దగ్గర. అక్కడి నుండి శంషాబాదుకు ఆకాశమార్గం సుమారు 450 కిలోమీటర్లు. గగనంలో దూరం పెరిగినా నేలమీద దూరం తగ్గుతుంది. అందుచేత విమానం ఎంత వేగంగా పోతుందన్నది ఒక్కటే ప్రధానం కాదు. విమానాశ్రయం ఎంత చేరువలో ఉన్నదన్నది కూడా ముఖ్యమే. చిన్న పట్టణాలకు విమాన సౌకర్యం కల్పించే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప – హైదరాబాదు విమానం ప్రారంభం కావడంలోని ప్రయోజనం ఇదే.

టిక్కెట్టుపై ముద్రించిన కాలం విమానానిది. ఇంటి గడప దాటినది మొదలు గమ్యం చేరేవరకు గడిచే కాలమే ప్రయాణికునిది.

ప్రశ్నలు
1. నాటికల్ మైలు అనగా నేమి?
2. గణించిన కాలం కంటె కాలపట్టికలోని కాలం ఎక్కువగా ఉండటానికి కారణాలేవి?
3. మీ ఊరి నుండి హైదరాబాదుకు ఇంటి గడప మొదలు పట్టే ప్రయాణకాలాన్ని లెక్కించి వ్రాయండి.