4,29,49,67,297 - ఒక పెద్ద సంఖ్య కథ

పెద్ద సంఖ్య కనబడగానే మనలో చాలామందిమి పెన్ను పక్కన పెట్టేస్తాం. మిత్రులారా! ఈ వార్షిక సంచికలో అలాంటి ఒక సంఖ్యను మీకు పరిచయం చేస్తున్నాం. అది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

ఇది ఎలా వచ్చింది? 2తో మొదలుపెట్టి వర్గాలు చేసుకుంటూ పోతే 2, 4, 16, 256, 65,536 వస్తాయి. ఒక్కొక్కదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65,537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఫ్రాన్స్ దేశపు గణితవేత్త ఫెర్మా 1640లో ఈ వరుసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని నమ్మాడు. అయితే తన దగ్గర నిరూపణ లేదని ఒప్పుకున్నాడు. 65,536 వర్గానికి 1 కలిపితే వచ్చే ఆరో సంఖ్యే మన పెద్ద సంఖ్య.

ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలంటే 65,536 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 6,542 ఉన్నాయి! కాలిక్యులేటర్ లేని 1732లో ఆయిలర్ దీనికి 641 కారణాంకమని ప్రకటించాడు. ఈ సంఖ్యకు ఉండే ఏ ప్రధాన కారణాంకాన్నైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయన తర్వాత నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే 6,542 భాగహారాలు కాదు, ఐదు చాలు!

స్టడీ అవర్‌లో మేమూ చేసి చూశాం. 193తో భాగిస్తే శేషం 109. ఐదోసారి, 641 దగ్గర, శేషం సున్న.

4,29,49,67,297 = 641 × 67,00,417

భాగించకుండా కూడా దీన్ని నిరూపించవచ్చు. పదో తరగతి బీజగణితం చాలు.

1) 640 = 5 × 2⁷. కనుక 640⁴ = 5⁴ × 2²⁸.
2) x⁴ - 1 కు x + 1 కారణాంకం. కనుక 640⁴ - 1 ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది.
3) 641 = 625 + 16 = 5⁴ + 2⁴. రెండు వైపులా 2²⁸తో గుణిస్తే 641 × 2²⁸ = 5⁴ × 2²⁸ + 2³².
4) దీనిలోంచి 640⁴ - 1 తీసివేస్తే మిగిలేది 2³² + 1. అదే మన సంఖ్య. తీసివేసిన రెండింటినీ 641 భాగిస్తుంది కాబట్టి తేడానూ భాగిస్తుంది.

ఫెర్మా వరుసలో ఆ ఐదు తప్ప మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఐదు సార్లు సరిపోయింది కదా అని ఆరోసారీ సరిపోతుందని అనుకోకూడదు. చెప్పినవారు ఎంత గొప్పవారైనా మనం ఒకసారి చేసి చూసుకోవాలి. దానికి కావలసింది కాగితం, పెన్ను, కాస్త ఓపిక. అవి మనందరి దగ్గరా ఉన్నాయి.

మీకో లెక్క: ఇదే సంఖ్యను 257తో భాగిస్తే శేషం ఎంత? పెద్ద భాగహారం చేయకుండానే చెప్పగలరా? (సూచన: 2⁸ = 257 - 1.)