బ్రేకులో నార – రాతినార నుంచి గోగునార దాకా

పరుగెత్తే బండిని ఆపేది బ్రేకు అని అందరికీ తెలుసు. కానీ ఆ బ్రేకు ప్యాడ్ లోపల నార ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. గోగునార, జనపనార, అరటినార, కొబ్బరిపీచు వంటి వాటిని బ్రేకు ప్యాడ్లలో వాడటంపై మన దేశంలోనూ, ఇతర దేశాల్లోనూ పరిశోధనలు జరుగుతున్నాయి. పొలంలో పండే నార ఫ్యాక్టరీలో తయారయ్యే కృత్రిమ నార స్థానంలో నిలవగలదా? మనం తరగతిలో చదివే భౌతిక, రసాయన శాస్త్రాలతోనే ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

బ్రేకు చేసే పని

బ్రేకు వేయగానే ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా గట్టిగా ఒత్తుతాయి. ఘర్షణ వల్ల బండి గతిశక్తి ఉష్ణశక్తిగా మారుతుంది. 1000 కిలోల కారు సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి సగం చేస్తే 2,00,000 జౌళ్లు వస్తుంది. అర లీటరు నీళ్లను మరిగే స్థితికి తేవడానికి ఈ శక్తి చాలు. అదంతా కొద్ది సెకన్లలో బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు వేస్తే డిస్కు ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్ కూడా దాటవచ్చు.

నార ఎందుకు?

ప్యాడ్ ఒకే పదార్థంతో చేసింది కాదు. అన్నింటినీ అతికించడానికి ఫినాలిక్ రెజిన్, నింపడానికి ముగ్గురాయి పొడి, రాపిడిని అదుపులో ఉంచడానికి గ్రాఫైట్ వంటివి కలుపుతారు. ఈ ముగ్గురాయి మన మంగంపేటలో విస్తారంగా దొరికేదే. వీటన్నింటినీ చిట్లిపోకుండా పట్టి ఉంచేది నార. మట్టిగోడ కట్టేటప్పుడు బీటలు రాకుండా మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు కదా, ఇదీ అలాంటిదే.

చరిత్ర చూస్తే మొక్కల నార బ్రేకుకు కొత్త కాదు. 1897లో ఇంగ్లండులో ఫెరోడో కంపెనీని స్థాపించిన హెర్బర్ట్ ఫ్రూడ్ తొలి రోజుల్లో వాడింది నూలు పట్టీలనే. మోటారు బండ్ల వేగం పెరిగాక నూలు మాడిపోసాగింది. దాని స్థానంలోకి వేడికి చెక్కు చెదరని రాతినార, అంటే ఆస్బెస్టాస్ వచ్చింది. మన పులివెందుల ప్రాంతంలోనూ ఈ గనులుండేవి. అయితే దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి క్యాన్సర్ తెస్తాయని తేలింది. 2005 నాటికి యూరోపియన్ యూనియన్ దీన్ని నిషేధించింది. అమెరికా 2024లో క్రైసోటైల్ రకంపై నిషేధం ప్రకటించింది. మన దేశంలో మాత్రం వాడకం పూర్తిగా ఆగలేదు.

రాతినారకు బదులు వచ్చినవే అరామిడ్, గాజునార, ఉక్కునార వంటివి. అరామిడ్ 400 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కానీ ఖరీదెక్కువ. గాజునార చవకే గాని డిస్కును గీస్తుంది. అందుకే చూపు మళ్లీ మొక్కల వైపు మళ్లింది.

లాభమూ, చిక్కూ

మొక్కల నార తేలిక, చవక, డిస్కుకు మెత్తన. ఏటా పండుతుంది. అయితే నూలును ఓడించిన వేడి ఇప్పటికీ అలాగే ఉంది. చాలా మొక్కల నారల్లో ముఖ్యమైనది సెల్యులోజే. 200 డిగ్రీలు దాటాక నార బలం తగ్గుతూ, 300-350 డిగ్రీల మధ్య చాలా భాగం మాడిపోతుంది. రెండో చిక్కు తేమ. జనపనార గాలిలోని తేమను తన బరువులో సుమారు 12 శాతం దాకా పీల్చుకుంటుంది. తేమ పట్టిన నార రెజిన్‌తో సరిగా అతుక్కోదు. ఇందుకు విరుగుడుగా నారను పలచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, కడిగి, ఎండబెడతారు. పైనున్న మైనం, జిగురు పోయి గరుకు తేలడంతో రెజిన్ బాగా పట్టుకుంటుంది. ఇది అతుకును మెరుగుపరుస్తుంది గాని సెల్యులోజ్ మాడకుండా ఆపలేదు.

కనుక మా అభిప్రాయం ఇది. మొక్కల నార కృత్రిమ నారకు పూర్తి బదులు కాదు, వేడి తక్కువగా ఉండే చోట మంచి భాగస్వామి. ఆటోమేటిక్ గేర్ల బండ్లలో నూనెలో మునిగి పనిచేసే క్లచ్ ప్లేట్లపై సెల్యులోజ్ నార కాగితం ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. నూనె వేడిని లాగేయడమే కారణం. మరో పంట కూడా బ్రేకుల్లో ఎప్పుడో చేరింది. పలాస లాంటి చోట్ల జీడిపప్పు తీశాక మిగిలే పెంకులున్నాయి కదా, అలాంటి పెంకుల నూనెను గట్టిపరచి చేసిన పొడిని ప్యాడ్లలో కలుపుతారు.

దీనితో గోగు రైతు కష్టాలు తీరతాయని చెప్పడం కూడా సరికాదు. ప్యాడ్ మిశ్రమం 200 గ్రాములు, అందులో నార 5 శాతం అనుకుంటే 10 గ్రాములే. ఇది అదనపు గిరాకీయే గాని సంచుల గిరాకీకి సాటి రాదు.

మన తమ్ముళ్లకు ఒక మాట

సెలవుల్లో మెకానిక్ షెడ్డుకు పనికి వెళ్లే తమ్ముళ్లు మన హాస్టళ్లలో ఉన్నారు. బ్రేకు డ్రమ్ము విప్పి అందులోని దుమ్మును నోటితో గాని, గాలి పైపుతో గాని ఊదవద్దు. అందులో రాతినార ఉందో లేదో కంటితో చూసి చెప్పలేము. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. ఇంటికి వెళ్లగానే చొక్కా విడిగా ఉతుక్కోవాలి. ప్యాడ్‌లో మొక్కల నారే ఉన్నా దుమ్ము దుమ్మే. నూలు మిల్లుల్లో పత్తి దుమ్ము పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. అది కూడా మొక్క నుంచి వచ్చిన దుమ్మే కదా!

బ్రేకు బండిలో ఉన్నవారి ప్రాణం కాపాడాలి. దాన్ని బాగుచేసే పిల్లవాడి ప్రాణం కూడా కాపాడాలి. ఏ నార మేలైనదో తేల్చేటప్పుడు ఈ రెండు పరీక్షలూ పెట్టాలి. పాలిటెక్నిక్‌లోనో, ఇంజనీరింగులోనో చేరబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ప్రశ్నలో ఇంకా చేయవలసిన పని చాలా ఉంది. ఆ పని మీ కోసం ఎదురుచూస్తోంది.