జాగ్వార్ కోర, మకా ముక్కు

సందేహం: బ్రెజిల్ పాంటనాల్‌లో జాగ్వార్, హయసింత్ మకా రెండూ ఉంటాయట కదా. దేని నోటికి బలమెక్కువ?
– పదో తరగతి విద్యార్థి, ఖమ్మం

సమాధానం: బరువులో పోలికే లేదు నాయనా. పాంటనాల్ చిత్తడి నేలల్లో ఎదిగిన మగ జాగ్వార్ వంద కిలోలు దాటుతుంది. మకా అనే చిలుక మీటరు పొడవుండి కూడా కిలోన్నరకు అటూ ఇటూ తూగుతుంది. అయితే ఆ రెండు నోళ్లు చేసే పనులే వేరు. పులి, సింహం పెద్ద జంతువులను ఎక్కువగా గొంతు పట్టి ఊపిరాడకుండా చంపుతాయి. జాగ్వార్ తరచు తల వెనుక పట్టి కోరలను పుర్రెలోకే దించుతుంది. అందుకే కైమాన్ మొసలి కూడా దానికి ఆహారమే. మకా ఆకూరి, బొకాయువా అనే తాటి జాతి చెట్ల గింజలు తింటుంది. సుత్తి పడితే గానీ మనకు లొంగని పెంకులవి. మకా గింజను నాలుకతో తిప్పుకుంటూ ముక్కుతో కోసి పగలగొడుతుంది. జారకుండా ఒక్కోసారి చిన్న కర్రముక్కను ఆనించుకుంటుంది కూడా. ఒంటి బరువుకు తగ్గట్టు చూస్తే నాకు ఆ పక్షి పనితనమే గొప్పగా తోస్తుంది.

సందేహం: జాగ్వార్‌ను చిరుతపులి నుంచి గుర్తుపట్టేదెలా?
– గృహిణి, నెల్లూరు

సమాధానం: ఒంటి మీది మచ్చల గుత్తులు చూడండమ్మా. జాగ్వార్‌కు చాలా గుత్తుల లోపల చిన్న నల్ల చుక్కలుంటాయి, చిరుతకు సాధారణంగా ఉండవు. జాగ్వార్ తల పెద్దది, కాళ్లు పొట్టివి.

సందేహం: ఈ రెంటిలో ఏది ఎక్కువ ప్రమాదంలో ఉంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

సమాధానం: అంతర్జాతీయ ఎర్ర జాబితాలో మకా ఒక మెట్టు ఎక్కువ ప్రమాదంలో ఉంది మాస్టారూ. నా బెంగ కూడా దాని మీదే. జాగ్వార్‌కు విశాలమైన అడవి కావాలి, పశువుల జోలికొస్తే రైతులు చంపుతారు. అయినా అది దొరికినదాన్ని తిని బతకగలదు. పాంటనాల్‌లో మకా గూళ్లలో అత్యధికం మాండువీ అనే ఒక్క రకం చెట్టు తొర్రల్లోనే ఉంటాయి. సరిపడా తొర్ర ఏర్పడాలంటే ఆ చెట్టుకు అరవై ఏళ్లయినా నిండాలి. చిక్కు ఇంకోటి ఉంది. మాండువీ గింజలను దూరం మోసి నాటేది ప్రధానంగా టోకో టూకాన్ పక్షి, మకా గుడ్లను దొంగిలించి తినేదీ అదే. దాన్ని తరిమేస్తే కొత్త చెట్లు రావు, ఉంచితే గుడ్లు పోతాయి. పైగా మొలకలను పశువులు తొక్కేస్తాయి, కార్చిచ్చు మాడ్చేస్తుంది. 2020 మంటల్లో పాంటనాల్‌లో సుమారు నాలుగో వంతు కాలిపోయింది. జీవశాస్త్రవేత్త నేవా గెదెస్ 1990లో మొదలుపెట్టిన అరారా అజుల్ పథకం చెట్లకు కొయ్య గూళ్లు బిగిస్తోంది, మకాలు వాటిలో పిల్లల్ని పెంచుతున్నాయి. అక్కడి భూమిలో ఎక్కువ భాగం పశువుల కామందులదే. వాళ్లు ముసలి మాండువీలను నరకకుండా, లేత మొక్కల చుట్టూ కంచె వేస్తేనే రాబోయే తరాల మకాలకు తొర్రలు దొరుకుతాయి.