బడిలో అడిగే ఆ ఒక్క రక్తపు చుక్క

బోదకాలంటే పెద్దవాళ్ల జబ్బనుకుంటాం. కాలు వాచేది వయసొచ్చాకే కాబట్టి అలా అనిపిస్తుంది. ఆ పురుగు ఒంట్లో చేరేది మాత్రం చాలామందికి చిన్నతనంలోనే. నూలుపోగంత సన్నటి పురుగులు లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. పిల్లవాడికి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, ఎప్పటిలాగే ఆడుకుంటుంటాడు. మన ఉమ్మడి మెదక్ జిల్లాకు ఈ జబ్బు కొత్తేం కాదు.

అందుకే ఆరోగ్య సిబ్బంది ఒకటి, రెండు తరగతుల పిల్లల వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీసుకుంటామని బడికొస్తే కాదనకండి. ఊరంతా బోదకాలు మాత్రలు వేశాక జబ్బు నిజంగా ఆగిందో లేదో తేల్చేది ఆరేడేళ్ల పిల్లల రక్తమే. ఆ వయసు బిడ్డలో పురుగు జాడ ఉందంటే, దోమలు ఈమధ్య కూడా దాన్ని మోస్తూనే ఉన్నాయన్నమాట. ఫలితం పది నిమిషాల్లో తెలుస్తుంది. మీ బిడ్డకు ముందే చెప్పండి, చీమ కుట్టినంత నొప్పేనని.

హత్నూర, గుండ్లమాచనూరు వైపు ఫ్యాక్టరీలతోపాటు అద్దె గదులూ పెరిగాయి. అన్ని గదులకూ కలిపి ఒకే సెప్టిక్ ట్యాంకు, వాకిట్లో మూతలేని మోరీ ఉన్నచోట బోదకాలు మోసే క్యూలెక్స్ దోమకు అంతకన్నా ఏం కావాలి? డెంగీ దోమలా పగలు కాదు, ఇది పిల్లలు పడుకున్నాక కుడుతుంది. ట్యాంకు గాలి పైపు పైకొనను ఒకసారి చూడండి. అక్కడ జాలీ లేకపోతే దోమలు అందులోంచే గుంపుగా లేస్తాయి. పాత దోమతెర ముక్క చుట్టి తాడుతో బిగిస్తే చాలు. మూత పగుళ్లు సిమెంటుతో పూడ్చమని ఇంటి ఓనరును గట్టిగా అడగండి, కిరాయి కడుతున్నారు కదా. ఒకటి రెండు కాట్లతో ఈ జబ్బు రాదు, నెలల తరబడి కుట్టించుకుంటేనే వస్తుంది. కాబట్టి భయపడకండి, దోమతెర మాత్రం ఏ రాత్రీ మానకండి.

ఆశమ్మ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు తెస్తే తిన్న తర్వాత ఆమె ముందే మింగండి, పిల్లలతోనూ మింగించండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, వేరే ఏదైనా తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. మింగాక కొద్దిగా జ్వరమో తలనొప్పో వస్తే చాలాసార్లు అది లోపల పురుగు పిల్లలు చావడం వల్లే. రెండో రోజుకూ తగ్గకపోతే దవాఖానకు వెళ్లండి.

బీహార్, ఒడిశా నుంచి వచ్చి పక్క గదిలో ఉంటున్నవాళ్లనూ పిలవండి. అక్కడా ఈ జబ్బుంది, వాళ్ల పిల్లలనూ మీ పిల్లలనూ కుట్టేది ఒకే దోమ. పెద్దవాళ్లకు రక్తపరీక్ష రాత్రి పూటే చేస్తారు, పురుగు పిల్లలు నెత్తుట్లోకి వచ్చేది అప్పుడే. నైట్ షిఫ్టుకు వెళ్లే నాన్నలు ఆ తేదీ ముందే కనుక్కుని, ఆ ఒక్క రాత్రి షిఫ్టు మార్చమని అడగండి.