ఓడ ఎగుమతి పరిభాష: ఉల్లి, ముగ్గురాయి వర్తకులు గమనించవలసినవి

కడప ప్రాంతపు కృష్ణాపురం ఉల్లి, అనగా కె.పి. ఉల్లి, గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. స్వదేశంలో గిరాకీ తక్కువ. మలేసియా, సింగపూర్, శ్రీలంక వంటి దేశాలే దీనికి బజారు. మంగంపేట ముగ్గురాయి కూడా ఓడ ఎక్కే సరుకే. ఒప్పందంలోని పొట్టి మాటలకు అర్థం తెలియనిచో క్వింటాలు మీద మిగిలే నాలుగు రూపాయలు రేవులోనే కరిగిపోతాయి.

ఎఫ్.ఓ.బి.: సరుకు ఓడ మీదికి చేరేవరకు ఖర్చు, నష్టభారం అమ్మినవానివి. ఓడ కిరాయి కొన్నవానిది.

సి.ఐ.ఎఫ్.: ఓడ కిరాయి, బీమా అమ్మినవాడే కట్టాలి. అయితే నష్టభారం మాత్రం ఇక్కడ ఓడ ఎక్కగానే కొన్నవానికి మారుతుంది. విదేశీ రేవు చేరేవరకు అమ్మినవానిదేనని పలువురు పొరబడుతుంటారు.

ఎఫ్.సి.ఎ.: కంటైనరు సరుకుకు ఇది తగిన షరతు. ఒప్పుకున్న చోట రవాణాదారుకు అప్పగించగానే నష్టభారం మారుతుంది. యార్డులో ఓడ కోసం కాచుకునే రోజులు అమ్మినవాని నెత్తిన పడవు.

ఈ మూడింటిలోనూ ఎగుమతి అనుమతి తెచ్చుకోవలసింది అమ్మినవాడే. 2019 సెప్టెంబరు 29న కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. 2020 ఫిబ్రవరిలో కె.పి. ఉల్లికి 10,000 టన్నుల మేరకు, మార్చి 31 లోగా, చెన్నై రేవు నుంచి మాత్రమే సడలింపు ఇచ్చింది. రాష్ట్ర ఉద్యాన శాఖ కమిషనరు ధ్రువపత్రం కావాలన్నది. కనుక ప్రభుత్వ ఆంక్ష వస్తే బేరం ఏమగునో ఒప్పందంలో విడిగా వ్రాసుకోవాలి.

ఎఫ్.సి.ఎల్., ఎల్.సి.ఎల్.: మొదటిది కంటైనరు మొత్తం ఒక్కరి సరుకు. రెండవది పలువురి సరుకు కలిపి నింపేది. ఘాటు వాసన గల ఉల్లికి రెండవది పనికిరాదు.

టి.ఇ.యు.: 20 అడుగుల కంటైనరు ఒకటి. లోపలి చోటు సుమారు 33 ఘనమీటర్లు. ముగ్గురాయి ఘనమీటరు 4 టన్నులకు పైగా తూగుతుంది. 7 ఘనమీటర్ల రాతికే 28 టన్నులు దాటుతుంది గనుక పెట్టె నిండకముందే తూకం నిండుతుంది. అందుచేత బరువు సరుకుకు 40 అడుగుల పెట్టె దండగ.

వి.జి.ఎం.: సరుకుతో సహా కంటైనరు ధ్రువీకరించిన తూకం. 2016 జులై 1 నుంచి ఇది లేనిదే ఓడకు ఎక్కించరు.

డిటెన్షన్, డెమరేజి: కంటైనరును గడువు మించి రేవు బయట ఉంచుకుంటే మొదటిది, రేవులో నిలిచిపోతే రెండవది. రెండూ రోజుల లెక్కన పెరుగుతాయి.

బిల్ ఆఫ్ లేడింగ్: ఓడ కంపెనీ ఇచ్చే రసీదు. ఆర్డరు బిల్లు అయితే సరుకు మీద హక్కుపత్రం కూడా. దీనిలోని పేర్లు, తేదీలు బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో సరిపోకున్న సొమ్ము ఆగిపోతుంది.

ఫార్వార్డింగ్ ఏజెంటు చెప్పే కిరాయిలో రేవు ఛార్జీలు కలిసి ఉన్నవా, ఉచిత గడువు ఎన్ని రోజులు అన్నవి బేరానికి ముందే వ్రాతపూర్వకంగా తీసుకొనుట మేలు.